సూదీ దారం లేని సినిమా

2000లో వచ్చిన ‘సెంటర్ స్టేజ్’ సినిమా మీద పాయింట్ షూల (బ్యాలే నర్తకులు మునివేళ్ల మీద నిలబడేందుకు తొడిగేవి) తరఫున మా అభియోగం ఒక్కటే. న్యూయార్క్ బ్యాలే అకాడమీలో చేరి చీవాట్లు తిన్న జోడీ అనే అమ్మాయి, ఆఖరి ప్రదర్శనలో రెప్పపాటులో ఎర్ర షూలతో ప్రత్యక్షమవుతుంది. జుట్టు కూడా మారిపోతుంది. అదే నృత్యంలో హీరో కూపర్ మోటారు సైకిలు మీద స్టేజీ ఎక్కుతాడు. దానికి మాకు అభ్యంతరం లేదు. పెట్రోలు పోస్తే బండి కదులుతుంది. షూ అలా కదలదు.

కొత్త జతకు మామూలుగా రిబ్బన్లు కుట్టి ఉండవు. కుడి ఎడమల తేడా కూడా ఉండదు. సుమారు రెండు మీటర్ల రిబ్బన్ను నాలుగు ముక్కలు చేసి, పోగులు రాకుండా కొసల్ని మంటకు చూపించి, మడమ భాగాన్ని లోపలికి మడిచి, ఆ మడత పడిన చోట కుట్టాలి. మామూలు దారం తెగుతుందని చాలామంది పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్‌తో కుడతారు. సూది గాని అంచులోని నాడాలో దిగిందా, ఇక ఆ నాడా బిగియదు. విప్పి మళ్లీ మొదలు.

తర్వాత కొత్త షూను చావబాదాలి. లోపల చెక్క ఉంటుందని ప్రేక్షకుల గట్టి నమ్మకం. సంప్రదాయ షూలో ముందుండే మూతి అంతా గుడ్డ, కాగితం పొరలకు జిగురు పూసి ఎండబెట్టిందే. అరికాలి కింద ఒక బద్ద ఉంటుంది. దాన్ని పాదం ఎక్కడ వంగుతుందో అక్కడే వంచాలి. లేకపోతే మునివేళ్ల మీద లేచినప్పుడు పాదం ఒకచోట, షూ ఇంకోచోట వంగుతాయి. మూతిని సిమెంటు మెట్టుకేసి కొట్టకుండా ‘స్వాన్ లేక్’ బ్యాలేలో హంసలుగా ఆడే 24 మందిని స్టేజీ మీదికి తోలితే రోకళ్ల చప్పుడు వినిపిస్తుంది. కొనమీది శాటిన్ కత్తిరించి, రోజిన్ అనే జిగట పొడిలో తొక్కితే గాని జారుడు తగ్గదు.

ఇంత చేశాక విలన్ దిగుతుంది: చెమట. జిగురు మెత్తబడుతుంది, మూతి నలుగుతుంది, బరువంతా బొటనవేలి మీద పడుతుంది. పెద్ద పాత్ర వేసే నర్తకి కాళ్ల కింద ఒక్క ప్రదర్శనకే జత చావడం మామూలే. సినిమాకు మాత్రం విలన్‌గా జోడీ తోటి విద్యార్థిని మోరీన్ కావలసివచ్చింది. నిజానికి అందులో కాస్త నిజమున్న కథ ఆ పిల్లదే: అందరికన్నా బాగా ఆడుతుంది, తిన్నది కక్కుకుంటుంది, చివరికి బ్యాలే వదిలేస్తుంది.

ఇక ఎరుపు. షూలకు రంగు వేయవచ్చు, తప్పులేదు. కాకపోతే తడి ఎక్కువైతే చెమట చేసే పనే రంగూ చేస్తుంది. పల్చగా పూసి, ఆరబెట్టి, మళ్లీ పూయాలి. జోడీ తిరుగుతూ తిరుగుతూ ఆరబెట్టుకుందని వాదించేవారికి ఒక మనవి: ఒంటికాలి మీద ఫుయెటేలు (రెండో కాలిని విసురుతూ వరసగా తిరిగే చుట్లు) తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకూ మడమ దిగాలి, మోకాలు వంగాలి, మళ్లీ లేవాలి. చెయ్యి ఆలస్యమైతే నర్తకి చుట్టు చుట్టుకూ నిలబడ్డ చోటు నుంచి జరిగిపోతుంది. పైగా 1895లో నర్తకి పియెరీనా లెన్యానీ ‘స్వాన్ లేక్’లో 32 తిరిగినప్పటి నుంచి ప్రేక్షకులు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు. ఆరబెట్టుకునే తీరిక ఎక్కడిది?

జోడీలో గురువులు పట్టిన లోపం కాళ్లు తగినంత బయటికి తిరగకపోవడం. అది తుంటి కీలులో ఉండే సంగతి. అక్కడ తిరగనిదాన్ని పాదాల దగ్గర బలవంతంగా తిప్పితే మోకాలు పాడవుతుంది. దర్శకుడు ఆ లోపానికి ప్రేమ, ఆ పైన భగ్నప్రేమ మందుగా రాసిచ్చాడు. ఫలితంగా హీరో పెట్టిన కొత్త కంపెనీలో ఆమె ప్రధాన నర్తకి అయింది. తుంటి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి మా డిమాండు: ఇకమీదట బ్యాలే సినిమా తీసేవారు హీరోయిన్ను నేలమీద కూర్చోబెట్టి, షాట్ ఎక్కడా తెగకుండా, రిబ్బన్ కుట్టించాలి. ఒక షూ అయ్యేసరికి ఇంటర్వెల్ పడుతుంది. రెండోది ఆ తర్వాత.