సిఫార్సు లేఖే మేనేజ్‌మెంట్ శాస్త్రం

ప్రొటెస్టెంట్ల పొదుపూ శ్రమా పెట్టుబడిదారీ విధానానికి ఊపిరి పోశాయని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904–05లో రాశాడు. పాపం, ఆయన తిరుపతి రాలేదు. వచ్చి ఉంటే, పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, వడ్డీని నేటికీ భక్తుల చేత కట్టిస్తున్న స్వామిని దర్శించి, సిద్ధాంతాన్ని సవరించుకునేవాడు.

అయితే మన పారిశ్రామికవేత్తలు కొండ మీద నేర్చిన అసలు విద్య అప్పు కాదు, క్యూ. సర్వదర్శనం, 300 రూపాయల టికెట్టు, సిఫార్సు లేఖ మీద బ్రేక్ దర్శనం, శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయల విరాళం మీదా అదే దర్శనం. మనుషులను ఇంత శ్రద్ధగా వరుసలు కట్టడం ఏ మేనేజ్‌మెంట్ కళాశాల నేర్పుతుంది? పారిశ్రామికవాడలో ఉద్యోగానికి వెళ్లి చూడండి. డిప్లొమా ఉన్నవాడు గేటు బయట కంపార్ట్‌మెంటులో ఉంటాడు. ఎమ్మెల్యే గారి లేఖ ఉన్నవాడు నేరుగా గర్భగుడికి వెళతాడు.

తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామికవాడకు వచ్చిన జపాన్ కంపెనీల దేశంలో కైజెన్ అనే ఆచారం ఉంది. యంత్రం దగ్గర నిలబడేవాడే దాని లోపం చెప్పాలట! మన సంప్రదాయంలో అతను సూపర్‌వైజరుకు చెప్పాలి, సూపర్‌వైజరు మేనేజరుకు విన్నవించాలి, మేనేజరు రాహుకాలం పోయాక ఎం.డి. గారి గదిలోకి వెళ్లాలి. వర్జ్యం పట్టింపు లేని యంత్రం ఈలోగా ఆగిపోతుంది. హోఫ్‌స్టెడ్ అనే డచ్ పండితుడు ఐ.బి.ఎం. ఉద్యోగులను దేశదేశాల్లో ప్రశ్నించి, పైవాడికీ కిందివాడికీ మధ్య దూరానికి కొలత కట్టాడు. దూరం ఎంత ఎక్కువైతే అంకె అంత పెద్దది; మన దేశానికి 77 వచ్చింది. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు అడిగి ఉంటే వంద దాటేది.

2025 సీజనులో అక్కడ తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, తాను 4 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ధర తెలిసింది, కాయ దింపుకునే టోకెను ఎప్పుడిస్తారో తెలియలేదు. ఎప్పుడు తీసుకుంటారని రైతు అడిగితే మర్యాద తెలియనివాడు, యజమాని చెప్పకపోతే వ్యాపార దక్షుడు. కొండ మీద క్యూలో ఉన్నవాళ్లకు ఉప్మా, పాలు అందుతాయి. ఆ ఒక్క ఆచారం ఎందుకో ఘాట్ రోడ్డు దిగలేదు.

కనుక నా విన్నపం ఏమిటంటే, గుజ్జు ఫ్యాక్టరీలు కూడా విరాళం పుచ్చుకుని బ్రేక్ టోకెన్లు ఇవ్వాలి. ఎమ్మెల్యేల ఇళ్ల ముందు రద్దీ తగ్గుతుంది. విరాళం ఇవ్వలేని రైతుకూ నష్టం లేదు. ఎండలో కాయ కారిపోయి బరువు తగ్గుతుంది కాబట్టి, దింపే కూలి కలిసివస్తుంది.