సవరణ: కీలు మార్పిడి చేయించుకుని అదే రోజు ఇంటికి

మోకాలి కీలు మార్పిడి చేయించుకుని అదే సాయంత్రం ఇంటికి వెళ్లడం గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది పెద్దది.

నొప్పికి పారాసిటమాల్‌తో పాటు డైక్లోఫెనాక్ రకం మాత్ర అందరూ వేసుకోవచ్చన్నాం. అందరూ కాదు. శ్రీకాకుళంలో కూర్చుని రాస్తూ ఉద్దానాన్ని మరిచిపోయాం! ఆ ప్రాంతంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు, కిడ్నీ జబ్బు చప్పుడు లేకుండా ముదురుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, సెలికాక్సిబ్ మూడూ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆపరేషన్ రోజు పొద్దున్నించి నీళ్లు తాగక, కొంత రక్తం పోయిన ఒంటికి అది ఇంకా చేటు. బీపీకి టెల్మిసార్టాన్, దాంతో పాటు మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వాడేవాళ్లకు మరీనూ. కిడ్నీ కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 ఉందని నిశ్చింతగా ఉండకండి. కండ లేని ముసలమ్మకు ఆ అంకెతోనే కిడ్నీ సగమే పనిచేస్తూ ఉండొచ్చు. ఇజిఎఫ్ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని ఏ మాత్రం వడకడుతోందో చెప్పే అంకె, ఎంతో ఆపరేషన్‌కు ముందే అడగండి. 60 లోపు ఉంటే డాక్టరుతో తేల్చుకోకుండా ఈ మాత్రలు ముట్టొద్దు. 30 లోపైతే అసలు వద్దు.

రెండోది, మోకాలి కింద దిండు పెట్టమన్నది. హాయిగానే ఉంటుంది, కానీ వంగిన కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దుప్పటి చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలి వెనక చెయ్యి దూరేంత ఖాళీ ఉండాలి.

ఇంటికి పంపే షరతులు మాత్రం రాసినవే: వాకర్‌తో నడవాలి, మెట్లెక్కాలి, మూత్రం పోయాలి. వెన్నులో మత్తు ఇచ్చాక మూత్రం బిగబట్టేయడం మామూలే, అది తేలకుండా ఆటో ఎక్కొద్దు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లేవాళ్లు ఆ రాత్రి ఆసుపత్రి దగ్గర్లో చుట్టాలింట ఆగడమే మంచిది.