సవరణ: బలరేఖల సీసాలో కొబ్బరినూనె వద్దు

ఇనుప రజనుతో అయస్కాంత బలరేఖలు చూపించే సీసా గురించిన పోస్టులో కొబ్బరినూనె పోయమని రాశాను. అది తప్పు. నూనెల రసాయన పుస్తకాల్లో ఉన్నదే: కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. చలికాలం పొద్దున సీసా తెల్లగా పేరుకుంటే రజను కదలదు. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ (రంగులేని ఖనిజ నూనె) వాడండి. నీళ్లూ పనికిరావు, రజను తుప్పు పడుతుంది, పైగా ఊపిన వెంటనే అడుగుకు దిగిపోతుంది.

మిగతా కొలతలు అవే: 200 మి.లీ. పారదర్శక ప్లాస్టిక్ సీసా, టీస్పూను రజను. బాగా ఊపి, రజను ఇంకా తేలుతుండగానే అయస్కాంతాన్ని బయటినుంచి ఆనించండి. ధ్రువం ఎదురుగా రజను ముళ్లపంది వీపులా నిక్కబొడుచుకుంటుంది. అయస్కాంతాన్ని నూనెలో మాత్రం వేయొద్దు, అంటుకున్న రజను ఓ పట్టాన వదలదు.