మెదడుకు బలం పళ్ళెంలో ఉందా, నడకలో ఉందా?

(పర్లాకిమిడిలో ఓ ఇంటి అరుగు. మావయ్య రిటైరైన లెక్కల మాస్టారు. మేనకోడలు పశువైద్యం చదివింది. వాదం ఇంట్లోని ఇద్దరు పెద్దవాళ్ళ గురించి: చెప్పిందే చెబుతున్న అమ్మమ్మ, రాత్రిళ్ళు పడుకోకుండా గోడ మూల నిలబడిపోతున్న పన్నెండేళ్ళ కుక్క రాజు.)

మావయ్య: తిండి సరిగా ఉంటే మెదడు నిలుస్తుందమ్మా. సవర గిరిజనులు కొండ దిగి తెచ్చే చోళ్ళతో, అదే రాగులతో, పొద్దున్నే అంబలి, పెరట్లో మునగాకు, తోటకూర, వారానికి రెండుసార్లు కవళ్ళో కానాగంతలో ఏదో ఒక సముద్రపు చేప. వరన్నం మరిగి మనం వదిలేసిన చోళ్ళను మళ్ళీ పళ్ళెంలోకి తేవడానికే ఒడిశా ప్రభుత్వం 2017లో మన గజపతి జిల్లాతో సహా చిరుధాన్యాల పథకం, మిల్లెట్ మిషన్ పెట్టింది. ఊరికే పెట్టిందా?

మేనకోడలు: చోళ్ళు మంచివే మావయ్యా. కాల్షియం, పీచు బాగా ఉంటాయి. దాన్ని జ్ఞాపకశక్తి మందుగా మార్చకండి. చేప సంగతి ఒప్పుకుంటా. కవళ్ళలో ఉండే ఒమేగా-3 కొవ్వు మెదడు కణాల పొరల్లో భాగమే.

మావయ్య: మరి మెదడు కోసమని చెప్పే మైండ్ డైట్ మాటేమిటి? ఆకుకూరలు, పప్పులు, చేపలు, గింజలు బాగా తిన్నవాళ్ళలో అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు తక్కువని షికాగో పరిశోధకులు 2015లోనే చూపించారు.

మేనకోడలు: చూపించారు. అదే ఆహారాన్ని 604 మందితో 3 ఏళ్ళు పరీక్షించి 2023లో ఫలితం చెప్పారు. మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవాళ్ళకూ, మైండ్ డైట్ తిన్నవాళ్ళకూ జ్ఞాపకశక్తిలో, ఆలోచనలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మావయ్య: రెండు గుంపులూ బాగుపడ్డాయని కూడా చెప్పు! ఇద్దరూ తిండి మీద శ్రద్ధ పెట్టారు కాబట్టే తేడా కనబడలేదు. నా లెక్కకు అది తిండి గెలుపే.

మేనకోడలు: అలా ఒకదానికే గెలుపు రాయకండి. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళ మధ్యవాళ్ళు 1,260 మందిని తీసుకుని, సగం మందికి ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, బీపీ-షుగర్ అదుపు, నాలుగూ కలిపి 2 ఏళ్ళు ఇచ్చారు. వాళ్ళు మిగతా సగం కంటే మెరుగ్గా ఉన్నారు. అందులో తిండి నాలుగో వంతు. మన ఇంట్లో ఆ వంతు ఒక్కటే జరుగుతోంది. అమ్మమ్మ అరుగు దిగి ఎన్నాళ్ళయింది? ఆవిడకు సరిగా వినబడదని తెలిసి కూడా చెవి పరీక్ష చేయించలేదు.

మావయ్య: వయసు మీద పడితే చెవుడు మామూలే కదా.

మేనకోడలు: మామూలని వదిలేస్తేనే ప్రమాదం. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు, అంటే మతి తప్పే జబ్బులకు, మనం మార్చుకోగల కారణాలు 14 ఉన్నాయని తేల్చింది. అన్నిటికంటే ఎక్కువ వాటా ఉన్న రెండింటిలో వినికిడి లోపం ఒకటి, చెడు కొలెస్ట్రాల్ రెండోది. వినబడనివాళ్ళు మాటల్లోంచి తప్పుకుంటారు, ఒంటరివాళ్ళవుతారు. అమ్మమ్మకు అదే జరుగుతోంది మావయ్యా. మనం పలకరించడం తగ్గించేశాం.

మావయ్య: (కాసేపు ఆగి) సరే, అమ్మ సంగతి ఒప్పుకున్నా. రాజు మాటేమిటి? చురుగ్గా తిరిగే కుక్కలకు మతిమరుపు తక్కువని ఆ మధ్య అమెరికా లెక్క ఒకటి చెప్పావు. మతి తప్పిన కుక్కే తిరగడం మానేస్తుందేమో! కారణమేదో, ఫలితమేదో ఎలా తేలుతుంది?

మేనకోడలు: మంచి ప్రశ్న. ఆ లెక్క ఒక్కదానితో తేలదు. ముసలి బీగల్ కుక్కల మీద చేసిన ప్రయోగం వేరు. యాంటీఆక్సిడెంట్లు కలిపిన తిండి కొన్నిటికి, వ్యాయామం, ఆటలు, తోడు కొన్నిటికి, రెండూ కలిపి కొన్నిటికి పెట్టారు. రెండూ దొరికిన కుక్కలే అన్నిటికంటే బాగా నేర్చుకున్నాయి. తిండి పనిచేసింది, మీ మాట నిజమే. నడక తోడైతే ఇంకా బాగా పనిచేసింది.

మావయ్య: అందుకే నా పళ్ళెంలోదే దానికీ పెడుతున్నా.

మేనకోడలు: అక్కడే గట్టిగా అడ్డుపడతా. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలను విరగ్గొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను పాడుచేస్తాయి. చాక్లెట్ గుండెకు, నరాలకు విషం. మనిషి మెదడుకు మంచివని చెప్పే డార్క్ చాక్లెట్, ద్రాక్ష దాని ప్రాణం తీయొచ్చు. రాజు రాత్రిళ్ళు తిరగడం నొప్పి వల్లో, చూపు తగ్గడం వల్లో కూడా కావచ్చు. ముందు పరీక్ష చేయించాలి. రోజూ ఒకే వేళకు మెల్లగా నడిపించాలి. తిండిని గుడ్డ మడతల్లో దాచి వాసన పట్టి వెతుక్కోనివ్వాలి. దాని మెదడుకు అదే పని.

మావయ్య: రేపు అమ్మను చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతా. సాయంత్రం ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడిపిస్తా, రాజు కూడా వెంట వస్తాడు. చేపల కూర మాత్రం మానేది లేదు.

మేనకోడలు: మానొద్దు. రాజు ముక్క మాత్రం పులుసులో వేయకముందే తీసి, ఉప్పూ ఉల్లీ లేకుండా విడిగా ఉడికించి, ముళ్ళు ఏరి పెట్టండి.