మోకాలు తాతది, కట్నం అందరిది

వైద్యం కోసం విదేశీయులు మన దగ్గరికి వచ్చే మెడికల్ టూరిజం అంటే ఒక డాక్టరూ ఒక పేషెంటూ అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. పెళ్లి చేసేది పేరయ్యలు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయట కాసేపు నిలబడండి. సూడాన్ నుంచి ఓ తాత వీల్‌చైర్లో వస్తాడు. ఒక మెడికల్ వీసా మీద ఇద్దరు అటెండెంట్లు రావచ్చు కాబట్టి వెనక ఇద్దరు కొడుకులు. పేరు రాసిన అట్ట పట్టుకున్న కుర్రాడు "అహ్లన్ హాజీ!" అంటూ ఎదురెళ్తాడు. సూట్‌కేసుల జోలికి పోడు, ముందు ఫైలు అందుకుంటాడు. ఆ ఫైలే జాతకం. దాని ఫొటోలు వారం కిందటే నాలుగు ఆసుపత్రులకు వాట్సాప్‌లో వెళ్లాయి. ఎవరి శాతంతో పొంతన కుదిరిందో వాళ్లకే సంబంధం ఖాయం.

అక్కణ్ణుంచి టోలిచౌకి, అరబ్బీ బోర్డుల వీధి. కుర్రాడికి గది ఓనరు వాటా ఇస్తాడు, ట్యాక్సీ భాయ్ ఇస్తాడు, స్కానింగ్ సెంటర్ ఇస్తుంది, మందుల షాపు ఇస్తుంది. సిమ్ కార్డు అమ్మినవాడు కనీసం ఇరానీ చాయ్ తాగిస్తాడు. ఇంత అనురాగం ఉమ్మడి కుటుంబాల్లో కూడా చూడలేదు నేను.

దీన్ని కమిషన్ అంటే కళ్లు పోతాయి. పేషెంటును పంపినందుకు డాక్టర్లు డబ్బు ఇచ్చినా, పుచ్చుకున్నా తప్పేనని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. మనవాళ్లు చట్టానికి భయపడేవాళ్లు. అందుకే ఇది ఫెసిలిటేషన్ ఫీజు. ఇచ్చేది ఆసుపత్రి మార్కెటింగ్ విభాగం. డాక్టరుగారికి, పాపం, ఏమీ తెలీదు.

మోకాట్లో అమర్చే కృత్రిమ కీలుకు, అదే ఇంప్లాంట్‌కు, కేంద్రం 2017లోనే గరిష్ఠ ధర కట్టింది కదా అంటారేమో. కట్టింది. తాళిబొట్టుకు ధర కడితే పెళ్లి ఖర్చు తగ్గుతుందా? భోజనాలున్నాయి, పందిరి ఉంది, సన్నాయి ఉంది. ఇక్కడ దాన్ని ప్యాకేజీ అంటారు.

డాక్టరు ముందు తాత ఐదు నిమిషాలు తన బాధంతా చెప్పుకుంటాడు. కుర్రాడు "నొప్పంట సార్" అని తేలుస్తాడు. ప్యాకేజీ అంకెను మాత్రం రూపాయి పొల్లుపోకుండా అరబ్బీలోకి దించుతాడు.

మూడు వారాల తర్వాత మళ్లీ శంషాబాద్. తాత కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. కుర్రాడు కావలించుకుని, ఓ విజిటింగ్ కార్డుల కట్ట జేబులో కుక్కి, మీ ఊళ్లో మోకాళ్లు పట్టేసినవాళ్లు ఉంటే చెప్పమన్నాడు. తాత కార్డులు లెక్కపెట్టుకున్నాడు. టోలిచౌకిలో నేర్చుకున్న ఉర్దూలో ఒక్కటే అడిగాడు.

"మేరేకు కిత్నా?"