పథ్యం మారితే మందుల చీటీ మారాలి

మధుమేహం ఉందని తేలిన మనిషికి ఆహారం గురించి చాలామంది వైద్యులు చెప్పేది ఒక్క వాక్యం. తీపి మానేయండి, రోజూ నడవండి. అంతలో మందుల చీటీ చేతికొస్తుంది, తర్వాతి రోగి పేరు పిలుస్తారు. ఏం తినాలో, ఎంత తినాలో చెప్పేవారు లేని ఆ ఖాళీలోకి ఫోను తెర మీది ప్రవీణులు దూరుతున్నారు. పిండిపదార్థాలు మానేస్తే మాత్రలతో పనే లేదని ఒకరు, నెల తిరిగేసరికి షుగరు మాయం చేస్తామని ఇంకొకరు ఊదరగొడుతున్నారు. అది పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేయవచ్చు. సగం నిజం కావడంతోనే చిక్కు వచ్చిపడింది.

ఆ సగాన్ని ముందు ఒప్పుకొందాం. తిన్నవాటిలో రక్తంలోని గ్లూకోజును అన్నింటికన్నా త్వరగా, ఎక్కువగా పెంచేది పిండిపదార్థమే. దాన్ని తగ్గిస్తే షుగరు దిగడంలో వింత లేదు. ఇన్సులిన్ ఊసే తెలియని 1797లోనే జాన్ రోలో అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు మాంసం ప్రధానమైన పథ్యంతో ఒక సైనికాధికారికి చికిత్స చేసి ఆ వివరాలు అచ్చువేయించాడు. గ్లూకోజు అదుపునకు ఎక్కువ ఆధారాలున్న ఆహార మార్పు పిండిపదార్థాల తగ్గింపేనని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నివేదిక 2019లో చెప్పింది. రోజుకు 130 గ్రాములకు తక్కువ తీసుకోవడాన్ని సాధారణంగా ఈ కోవలో లెక్కిస్తారు. 23 ప్రయోగాలను కలిపి చూసిన 2021 నాటి సమీక్షలో ఆరు నెలలకు కనిపించిన మేలు ఏడాది గడిచేసరికి చాలావరకు పలచబడింది. మొదలుపెట్టినంత తేలిక కాదు కొనసాగించడం.

ఇంత పనిచేసే పథ్యాన్ని మందుగానే చూడాలి. ఒక మందు మీద మరో మందు పడితే ఏమవుతుందో చూసుకోకుండా ఎవరూ చీటీ రాయరు కదా. గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ వంటి షుగరు మాత్రలు తిండి వచ్చిందా లేదా అని చూడవు. ఇన్సులిన్ వదలమని క్లోమాన్ని తొందరపెడుతూనే ఉంటాయి. పొద్దున మాత్ర ఎప్పటిలాగే వేసుకుని, కంచంలో పిండిపదార్థం సగానికి సగం తగ్గించేసిన మనిషికి మధ్యాహ్నానికి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు అలసట అనుకుంటారు. గ్లూకోమీటర్‌లో అంకె 70 కన్నా కిందికి దిగి ఉంటుంది. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. ఇన్సులిన్ తీసుకునేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే ఈ పద్ధతిలో అనుభవమున్న వైద్యులు ఆ మాత్రలను, ఇన్సులిన్ మోతాదును పథ్యం మొదలైన రోజునుంచే సవరిస్తారు. మెట్‌ఫార్మిన్ అనే మాత్ర ఒక్కటే వాడేవారికి ఈ భయం అరుదు. రక్తపోటు మాత్రల సంగతీ చూసుకోవాలి. ఈ పథ్యంతో ఒంట్లోని ఉప్పు, నీరు తగ్గి, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు.

ఇంతకన్నా మోసకారి ప్రమాదం మరొకటి ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు గ్లూకోజును మూత్రంలోకి పంపేస్తాయి. వాటిని వాడుతూ పిండిపదార్థాన్ని బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) పేరుకుని ఆమ్లత్వం ప్రాణాంతక స్థాయికి చేరవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. గ్లూకోమీటర్ చూస్తే అంకె మామూలుగానే ఉండవచ్చు! షుగరు బాగానే ఉందని రోగి ఇంట్లోనే పడుకుంటాడు. ఈ మందులతో ఈ ఆమ్లస్థితి (కీటోఅసిడోసిస్) రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. అరగంట వీడియోల్లో ఈ ముక్క ఎంతమంది చెబుతున్నారు?

ఇక ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని టైప్ 1 మధుమేహం సంగతి వేరు. పిండిపదార్థం ఎంత తగ్గించినా అక్కడ ఇన్సులిన్ మానడమన్న ప్రశ్నే లేదు. గర్భిణులు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు వైద్యుడి మాట తీసుకోకుండా మొదలుపెట్టకూడదు. షుగరు హఠాత్తుగా దిగినప్పుడు కంటి రెటీనా సమస్య కొన్నాళ్లు ముదిరే అవకాశమూ ఉంది కాబట్టి ముందే కళ్లు చూపించుకోవడం మంచిది.

షుగరు తిరుగుముఖం పట్టించవచ్చనే ప్రచారానికి ఎక్కువగా వాడుకుంటున్నది 2017లో వెలువడిన బ్రిటన్ ప్రయోగం డైరెక్ట్. చికిత్స పొందినవారిలో 46 శాతం మంది ఏడాదికి మందులు లేకుండా నిలబడగలిగారు. రెండో ఏడు ముగిసేసరికి 36 శాతం. అయితే అక్కడ మొదట ఇచ్చినది రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారం. అందులో సగానికిపైగా శక్తి పిండిపదార్థాలదే! ఫలితం బరువు తగ్గడం వల్ల వచ్చింది. మందులను మొదటి రోజే ఆపించినదీ, తర్వాత కనిపెట్టుకుని ఉన్నదీ శిక్షణ పొందిన సిబ్బంది. మందులు ఆపాక కనీసం మూడు నెలలు హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) 6.5 శాతం కన్నా తక్కువ ఉంటే దాన్ని ఉపశమనం అనాలని 2021లో నిపుణులు నిర్ణయించారు. నయమైందని వారు అనలేదు. ఏటా పరీక్షలు తప్పవన్నారు.

తప్పంతా ఫోను ప్రవీణులదే అనడం సరికాదు. తిడతారేమోనన్న భయంతో పథ్యం సంగతి వైద్యుడి దగ్గర దాచే రోగులు ఎందరో. అంకెలు దిగడం చూసి ఆ ఘనత మాత్రలదేననుకుని వైద్యుడు అదే మోతాదు కొనసాగిస్తాడు. ఈ దాగుడుమూతలకు తెర దించాల్సిన బాధ్యత మొదట వైద్యుడిదే. రోగి అడగకముందే ‘ఈమధ్య తిండిలో ఏం మార్చారు?’ అని ఆయన అడగాలి. పిండిపదార్థం తగ్గిస్తానన్నవారికి ఏ మాత్ర ఎప్పుడు తగ్గించాలో, రోజులో ఎన్నిసార్లు పరీక్షించుకోవాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి రావాలో ఒక కాగితం మీద రాసివ్వాలి. మొదటి కొన్ని వారాలు ఫోను ఎత్తి మోతాదు చెప్పగల నర్సో, పోషకాహార నిపుణుడో ప్రతి మధుమేహ క్లినిక్‌లోనూ ఉండాలి. ఆరోగ్య బీమాలు ఈ సలహాకూ డబ్బు చెల్లించాలి. ఇక సొమ్ము తీసుకుని ఇంటర్నెట్‌లో పథ్యాలు అమ్మేవారు, చేరే ప్రతి మనిషినీ ఏ మందులు వాడుతున్నారో ముందుగా అడిగి తీరాలన్న నిబంధనను ప్రభుత్వాలు తేవాలి. ఆ ప్రశ్న అడగని చోట చేరవద్దని పాఠకులకు మా సూచన.