బోడ్మాస్ గారికి ఒక ఉత్తరం

బోడ్మాస్ గారికి,

ఉభయకుశలోపరి. లెక్కలో బ్రాకెట్లు మొదలుకొని భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత దాకా ఏది ముందు, ఏది వెనక చేయాలో గుర్తుండటానికి వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కూర్చి పెట్టిన మీ పేరు మా ఇంట్లో రోజూ తలుచుకుంటున్నాం. ముఖ్యంగా రాత్రి ఏడింటి తర్వాత, గొంతు పెంచి.

మొన్న మా అమ్మాయికి ఒక లెక్క ఇచ్చారు. 2 + 3ఎక్స్ > 12. ఎక్స్ బదులు 4 వేసి, ఈ అసమీకరణం నిజమో కాదో చెప్పాలి. పిల్ల రెండూ మూడూ కలిపి 5 చేసింది, నాలుగుతో గుణించింది, 20 తెచ్చింది. ఇరవై పన్నెండు కంటే పెద్దదే కదా, ‘నిజం’ అని రాసేసింది. రైటు పడింది. మీ లెక్కన ముందు గుణకారం, ఆ తర్వాతే కూడిక, 14 రావాలి. అదీ పన్నెండు కంటే పెద్దదే. మీ మాట జవదాటిన పిల్లకి శిక్షేదండీ?

అక్కడ సమీకరణం ఉంటే మీ పరువు దక్కేది. 14 రావలసిన చోట 20 వస్తే దొంగ ఇట్టే దొరికిపోతాడు. అసమీకరణానికి అంత పట్టింపు లేదు. ఈ > గుర్తు ఇంగ్లండులో థామస్ హారియట్ పోయిన పదేళ్ళకి, 1631లో, ఆయన పేరుతో అచ్చయిన పుస్తకంలో కనిపించింది. అప్పట్నుంచీ దానిది ఒకటే ప్రశ్న: ఎవరు పెద్ద? ఎలా పెద్దయ్యావని అడగదు.

నిద్రపట్టక కూర్చుని చూశాను. మీ పద్ధతిలో ఎక్స్ 10/3 దాటాలి. మా పిల్ల పద్ధతిలో 12/5 దాటితే చాలు. ఆ సందులో ఉన్న పూర్ణసంఖ్య 3 ఒక్కటే. మూడు వేస్తే మీకు 11, అబద్ధం. పిల్లకి 15, నిజం. ఇంకే పూర్ణసంఖ్య వేసినా, మైనస్ వెయ్యి వేసినా సరే, ఇద్దరి తీర్పూ ఒకటే. అంత పొడుగు సంఖ్యారేఖ మీద మీకు మిగిలిన కాపలావాడు ఒక్కడు. లెక్క ఇచ్చినవారు వాణ్ణి వదిలేసి 4 వేయమన్నారు!

పోనీలే, ఇకనుంచి బోడ్మాస్ ఏం చెబితే అదే చెయ్యమ్మా అన్నాను. తర్వాతి లెక్క 10 − ఎక్స్ + 2 > 6, ఎక్స్ విలువ 3. మీ పేరులో కూడిక తాలూకు ఏ ముందు, తీసివేత తాలూకు ఎస్ వెనక. అందుకని బుద్ధిగా ముందు మూడూ రెండూ కలిపి 5 చేసింది, పదిలోంచి తీసేసింది. 5 > 6, అబద్ధం. ఇంటూ పడింది. ఎడమ నుంచి వరసగా చేస్తే 9, నిజం. మీ మాట వినకపోతే రైటు, వింటే తప్పు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు.

అసలు సంగతి మీ పేరులో లేనే లేదు. గుణకారం, భాగహారం ఒకే బంతిలో కూర్చున్నవాళ్ళు. కూడిక, తీసివేత ఆ తర్వాతి బంతి. ఏ బంతిలోనైనా ఎడమ చివర మొదలుపెట్టి వడ్డించుకుంటూ రావాలి. అమెరికాలో మీ దాయాది పెమ్డాస్ పేరులో గుణకారం ముందు, భాగహారం వెనక. 12 ÷ 2 × 3 ఇచ్చి ఇద్దరినీ పేరు పట్టుకుని చేయమంటే మీకు 18, ఆయనకి 2. పదిహేడు కంటే పెద్దదా అని అడిగితే అన్నదమ్ములు కోర్టుకెక్కాలి.

మా వీధి కిరాణా కొట్టు కాలిక్యులేటర్ మిమ్మల్ని ఎరగనే ఎరగదు. రెండు, ప్లస్, మూడు, ఇంటూ, నాలుగు నొక్కితే 20 చూపిస్తుంది. నా ఫోనులో అదే నొక్కితే 14. అమ్మాయి ఇప్పుడు ఇంటి లెక్కలకి ఆ కొట్టుకి వెళతానంటోంది.

ఎక్స్ మైనస్ అయినప్పుడు దాని వర్గం గురించి జరిగిన గొడవ ఈ కవరులో పట్టదు. మళ్ళీ రాస్తాను.

మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి. ముఖ్యంగా బ్రాకెట్లని. వాళ్ళు వచ్చి కూర్చున్న చోట మాకు మీతో పని పడలేదు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి రెండోసారి చదువుతున్న ఒక తండ్రి